దొరగారి జేబులోని తెలుగు ఉత్తరం

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. గుడికి వెళ్ళినా, పెండిల్ హిల్‌లో ఇండియన్ కొట్లో బెండకాయలు ఏరుతున్నా అది నా వెంటే వస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో మా పక్కింట్లో మార్గరెట్ అనే పెద్దావిడ ఒంటరిగా ఉండేది. మనవాళ్ళ అలవాటు కొద్దీ ఆంటీ అనేదాన్ని. వాళ్ళ నాన్న ఇంగ్లండులో ప్రభువుల వంశంవాడు. వయసులో ఉండగా గోదావరి జిల్లాలో కలెక్టరుగా చేసి, తెలుగు నేర్చుకుని, తిరిగి వెళ్ళి పెళ్ళి చేసుకుని, మంత్రి కూడా అయ్యాడు. ఆయన ఉపన్యాసాల గురించి, కోటలాంటి ఇంటి గురించి గొప్పగా మొదలుపెట్టేది. చివరికి ఎప్పుడూ ఒక్క మాట దగ్గరే ఆగేది. ఆయన తనను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదట.

ఒక శుక్రవారం టీకి పిలిచి, మడతలు చిరిగిపోతున్న కాయితం నా చేతిలో పెట్టింది. ఆయన పోయినప్పుడు కోటు లోపలి జేబులో దొరికిందట. తెలుగు.

రాసింది మా సుబ్బమామ్మ. మా తాతయ్య చెల్లెలు. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లో ఉండిపోయిన మనిషి. దొరగారికి తెలుగు చెప్పిందని మా ఇంట్లో గర్వంగా చెప్పుకునేవాళ్ళం.

"బాబుకి మీ కళ్ళే వచ్చాయి. అన్నయ్యా వదినా తమ బిడ్డగా పెంచుకుంటామన్నారు. వాడికి మా పుట్టింటి పేరే ఉంటుంది. ఇంగ్లీషులో రాయిస్తే మీవాళ్ళు చదువుతారు. మీరు నా దగ్గర నేర్చుకున్న తెలుగులోనే రాస్తున్నాను. ఇక రాయను."

కింద మామ్మ సంతకం, మా ఊరు, మా తాతయ్య పేరు, మా ఇంటిపేరు.

మా నాన్నవి పిల్లికళ్ళు. ఎవరి పోలికో అని నవ్వుకునేవాళ్ళం. ఎదురుగా ప్లేటులో బిస్కెట్లు సర్దుతున్న ఆవిడ మా నాన్నకు చెల్లెలు. నాకు మేనత్త.

మర్నాడు మా అమ్మాయిని చూడటానికి పెళ్ళివారు వస్తున్నారు. ఆస్ట్రేలియా వచ్చి ఇరవై ఏళ్ళయినా వాళ్ళు అడిగింది గోత్రమూ, రెండు వైపులా మూడు తరాల వివరాలూనూ. టీకి వెళ్ళే ముందు రోజే నా చేత్తో చక్కగా రాసి పంపాను. తాతముత్తాతల పేర్లు రాస్తూ ఎంత మురిసిపోయానో.

"లవ్ లెటరా, డియర్?" అంది మార్గరెట్.

"కాదు ఆంటీ. పండక్కి సెలవిచ్చినందుకు వంటమనిషి రాసిన థాంక్యూ."

"అంతేనా? దీన్నేనా నాన్న చచ్చేదాకా గుండెల మీద పెట్టుకుంది?"

"అంతే ఆంటీ."

ఆవిడ కాయితం అందుకుని పాత మడతల మీదే మడిచింది. తరవాత, "నాకో అన్నో అక్కో ఎక్కడైనా ఉన్నారేమో అనుకునేదాన్ని. పిచ్చిదాన్ని," అని కప్పులు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? మా నాన్న అప్పటికింకా బతికే ఉన్నాడు. ఒక్క ఫోను చేస్తే అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. నేను భయపడింది పెళ్ళివారికేనా? కాదేమో. నా వంశంలో నాకే చోటు తగ్గిపోతుందని భయపడ్డానేమో. మంచి కుటుంబం అని చెప్పుకోవడం తప్ప నా దగ్గర ఇంకేముంది కనక? సిగ్గుగా ఉంది ఇది రాయడానికి. పెళ్ళి జరిగింది. మూడో తరం గురించి ఆ తరవాత ఎవరూ అడగలేదు.

ఏడాది తిరిగేసరికి నాన్న పోయాడు. పోయిన చలికాలంలో పారమట్టా దగ్గరి ఆసుపత్రిలో మార్గరెట్ చేయి పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ కోసం నేను తప్ప ఎవరూ రాలేదు. నర్సు ఫారం తెచ్చి, మీరేమవుతారని అడిగింది. పక్కింటివాళ్ళమని చెప్పాను. అప్పుడు కూడా.

పోయేముందు ఆ ఉత్తరం నాకే ఇచ్చింది. "ఇది చదవగలిగినదానివి నువ్వొక్కదానివే. నీ దగ్గరే ఉండనీ," అంది.

చీరల కింద ఉంది. ఆవిడ క్షమించేదో లేదో నాకు తెలియదు, అడిగే దారి నేనే మూసేశాను. ఇవాళ మాత్రం దాన్ని బయటికి తీసి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా, ఆవిడ అడిగిన రోజున చదవాల్సినట్టు పైకి చదివాను. వినడానికి ఎవరూ లేరు.