అందుకున్న పాట

జానపద మేళా ఎక్కడ జరిగినా వేదిక వెనక ఇలాంటి మనిషి ఒకడుంటాడు. ఈయన టైలరు. మిషను మీద వంగి వంగి పక్కకి ఒరిగిన మెడ ఫిడేలుకి మాత్రం కొలతపెట్టినట్టు సరిపోయింది. అక్కడి బృందాలు గుండ్రంగా కూర్చుని సరదాగా వాయించుకుంటుంటే ఏటా ఓ చివర చేరతాడు. డోలు మనిషి తలూపేదాకా బయటివాళ్లు తగ్గు స్వరంలోనే వాయించాలి, అదీ మర్యాద. వయసు మీదపడి ఆయన వేళ్లు ఏటికేడు బిగుసుకుపోతున్నాయి. "ఈసారి వాళ్ల వేగం అందుకోలేకపోతే ఫిడేలు అటకెక్కించేస్తా" అని పొద్దున భార్యతో అన్నాడు.

డోలు మనిషి తలూపాడు. "కానీ బాబాయ్!" చరణం తడబడకుండా సాగింది. చప్పట్లు.

"అందుకున్నారుగా! ఉత్తినే నా ప్రాణం తీశారు" అంది భార్య, ఫ్లాస్కు మూత తిప్పుతూ.

ఆయన ఫిడేలు తుడిచి పెట్టెలో పెట్టాడు. వెనక అదే పాట మళ్లీ పరుగందుకుంది.

"విను. అదీ వాళ్ల వేగం. ఇందాక నాకోసం నెమ్మదించారంతే."