కుర్చీ మీది తుండు

ఎనభైలలో ధర్మపురి బస్టాండు ఎదురుగా ఒక మేడమీద మేం కంప్యూటర్ కెర్నెల్, అంటే మిగతా ప్రోగ్రాములకు మెమరీ పంచిపెట్టే మూల ప్రోగ్రాము, రాసేవాళ్లం. నా కింద పనిచేసే ఆయన టీకి లేచినా కుర్చీపై తుండు వేసి వెళ్లేవాడు.

మిషను మాటిమాటికీ ఆగిపోతుంటే తప్పెక్కడుందో కనిపెట్టింది ఆయనే. ఒక ప్రోగ్రాము వదిలేసిన మెమరీని ఇంకోదానికి ఇచ్చాక కూడా, మొదటిది అక్కడే రాస్తోంది.

"సీటు వదిలి దిగిపోయినోడు మళ్లా ఎక్కినాడు సార్. కొత్తోడు ఉండాడని చూడకుండా వాని ఒళ్లో కూర్చున్నాడు," అన్నాడు, కిటికీలోంచి బస్సు చూపిస్తూ.

తర్వాత తల్లికి జబ్బని ఆయన నెలరోజులు సెలవు పెట్టాడు. నేను తుండు మడిచి సొరుగులో పెట్టి, ఆ కుర్చీ కొత్తవాడికి ఇచ్చేశాను. ఆయనకు ఒక కార్డుముక్క కూడా రాయలేదు.

తిరిగొచ్చినవాడు, కూర్చునున్న కొత్తవాణ్ణి చూసి కుర్చీ దగ్గర ఆగాడు.

"నేను చూడకుండా కూర్చోను లెండి సార్," అని నవ్వి, తుండు అడిగాడు.

ఇచ్చాను. ఆయన దాన్ని భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే, ఉండమనలేదు.