క్రెటేషియస్ కొబ్బరిచెట్లు

ముమ్మిడివరం చుట్టుపక్కల గోడల మీద బొమ్మలు వేసే అంజిబాబు చెవి మీద ఎప్పుడూ ఓ కుంచె ఉంటుంది. నాలుగు గీతలు గీసి, వెనక్కి వెనక్కి నడుస్తూ రోడ్డెక్కేస్తాడు. ఆటోవాళ్లు హారన్ కొట్టి తిట్టినా, తల ఓ పక్కకు వాల్చి బొమ్మనే చూసుకుంటాడు. శివుడి బొమ్మైనా సిమెంటు ప్రకటనైనా మూలన ఓ కొబ్బరిచెట్టు పడాల్సిందే. అది లేకపోతే అతనికి పని పూర్తయినట్టే ఉండదు.

బడి గోడ మీద డైనోసార్లు బతికిన మూడు కాలాలూ వెయ్యమంది సత్యవాణి టీచరు. ట్రయాసిక్‌లో కొబ్బరిచెట్టు వేశాడు. "అప్పటికింకా పుట్టలేదండీ ఇవి," అని చెరిపించింది. జురాసిక్‌లోనూ చెరిపించింది. ఆ పూట అంజిబాబుకి అన్నం సయించలేదు. మర్నాడు బిక్కమొహంతో అడిగాడు: "ఈ క్రెటేషియస్‌లో అయినా ఒక్కటి ఉంటదాండీ?" టీచరు జాలిపడి పుస్తకం తిరగేసింది. "ఈ కాలం చివర్లో ఆ జాతి చెట్లు వచ్చేయంటండీ. వేసుకోండి." సాయంత్రం వచ్చి చూస్తే గోడంతా కొబ్బరితోటే.

"డైనోసారేదండీ?"

"ఆయ్, ఉందండీ," అంటూ మట్టల సందులో తోక కొస చూపించాడు అంజిబాబు. "ఎండగా ఉంది కదండీ, నీడలోకెళ్లింది."