రత్నం గారు భయపడిన రోజు

మొన్న జూబ్లీహిల్స్‌లో ఒక ఆఫీసు లిఫ్టు ఎక్కగానే నిమ్మగడ్డి నూనె వాసన గుప్పుమంది. బయటికొచ్చేసి మెట్లెక్కి వెళ్లాను. రత్నం గారు జబ్బుపడిన ఏడాది ఆవిడ చీరలన్నీ ఆ వాసనే వేసేవి. మనసుతో రోగాలు నయమవుతాయని నేర్పే తరగతికి వెళ్లేవారు. అక్కడ గదంతా ఆ వాసన పట్టించేవారట.

రత్నం గారిది గుంటూరు వైపు. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పేవాళ్లలో చాలామందికి పని నేర్పింది ఆవిడే. షేక్‌పేట నుంచి వచ్చిన నన్ను మొదటి రోజే మైకు ముందు నిలబెట్టారు. తెర మీద తల్లి ఏడుస్తుంటే నేనూ గొంతెత్తి ఏడ్చేసరికి ఆపేశారు. "ఏడుపు తర్వాత. ముందు ఆవిడ ఊపిరి ఎక్కడ ఆగిందో చూడు. లేనిది గొంతులోకి తేకు" అని కసిరారు. అందరి ముందూ అన్నారని ఉడుక్కున్నాను గానీ, ఈనాటికీ నేను తినే అన్నం ఆ మాట పెట్టిందే. నా యాసను మాత్రం ఎన్నడూ వెక్కిరించలేదు. మైకు ముందు పాత్ర మాట, బయట నీ మాట, రెండూ ఉంచుకో అనేవారు.

రొమ్ములో గడ్డ ఉందని తేలినప్పుడు, "తొందరగానే వచ్చారు, ఆపరేషన్ చేద్దాం" అన్నాడు డాక్టర్. ఆవిడ తల్లి అదే జబ్బుతో, చికిత్స మధ్యలో నానా యాతనా పడి పోయింది. ఆ భయంలో ఉన్న మనిషికి ఎవరో ఈ తరగతి సంగతి చెప్పారు. అక్కడి గురువు జబ్బు పేరు పలకొద్దన్నాడు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను సంపూర్ణ ఆరోగ్యంగా ఉన్నాను" అని నవ్వుతూ చెప్పుకోమన్నాడు. గొంతు బాగుందని ఆ మాటలు ఆవిడ చేతనే రికార్డు చేయించి మిగతా రోగులకూ వినిపించారు. ఆవిడ వెళ్లే చర్చి పాస్టర్ గారు ప్రార్థన చేసి, ఆపరేషన్ కూడా చేయించుకోమ్మా అని బతిమాలారు. వినలేదు.

"గడ్డ మాటలకు కరుగుతదా మేడం? దవాఖానకు పోదాం, తోడు నేనొస్త" అన్నాను ఒక రోజు స్టూడియో మెట్ల మీద.

"నువ్వలా అనకమ్మా. పక్కన సందేహించేవాళ్లున్నా పని చెయ్యదట" అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు నన్ను ఇంటికి రానివ్వలేదు.

చెయ్యి వాచి పైకి లేవకుండా అయ్యాక బంజారా హిల్స్‌లో ఒక ఆస్పత్రిలో చేరారు. అప్పటికి ఎముకలకు పాకింది. గురువుకు ఫోన్ చేస్తే, మీ మనసులో ఎవరి మీదో కోపం మిగిలిపోయింది, జబ్బును అదే పట్టుకుని ఉంది అన్నాడట. ఇక మంచం మీద నుంచే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్షమాపణలు అడగడం మొదలుపెట్టారు. విడిపోయిన భర్తకు, మాటల్లేని చెల్లెలికి, చివరికి నాకు. మొదటి రోజు మైకు దగ్గర కసిరాను కదమ్మా, మనసులో పెట్టుకోకు అన్నారు. ఒళ్లు తినేస్తున్న జబ్బు చాలదన్నట్టు, అది తన తప్పేనన్న బరువు కూడా ఆ మనిషి మోస్తోంది.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాను. నేనుండగానే వచ్చిన డాక్టరమ్మను, తను గట్టిగా నమ్మి ఉంటే తగ్గేదా అని అడిగారు. డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇది మీ ఆలోచనల వల్ల రాలేదండీ. మీరు సరిగ్గా నమ్మకపోవడం వల్ల పెరగనూ లేదు."

"ఆ మాట ఇంకోసారి చెప్పండి."

డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. ఆలస్యం గురించి రత్నం గారు అడగలేదు, ఆవిడా ఎత్తలేదు. అన్నాళ్లూ బిగబట్టుకున్న నవ్వు రత్నం గారి ముఖం మీంచి జారిపోయింది. నా వైపు తిరిగి, "నాకు చాలా భయంగా ఉంది" అన్నారు. ధైర్యం చెప్పబోయి మానుకుని, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు ఏడ్చారు. ఆ వానాకాలం దాటకుండానే పోయారు.

ఆవిడ పోయాక కూడా ఆ తరగతిలో ఆవిడ గొంతే వినిపిస్తున్నారని తెలిసి, ఆపేయమని అడగడానికి వెళ్లాను. చాలామందికి మేలు చేస్తోందండీ అన్నారు అక్కడివాళ్లు.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్లున్నారు. ఎవరైనా ఒంట్లో బాగాలేదంటే ధైర్యంగా ఉండమని అనను. రిపోర్టు ఎప్పుడిస్తారు, తోడెవరొస్తున్నారు అని అడుగుతాను. భయమేస్తోందంటే కూర్చుని వింటాను. విన్నాక ఆస్పత్రికి ఆటో పిలుస్తాను.