ఆ దేశంలో లేని రూలు

చాలా ఏళ్లు ఒక మాట లోపల పెట్టుకుని తిరిగాను. తిన్నాను, పడుకున్నాను, ఆదివారం చర్చికి వెళ్లి అందరితో పాటు కూర్చున్నాను. నా మీద ఎవరికీ అనుమానం రాలేదు. అదే బరువు. ఒక్కరైనా అనుమానించి ఉంటే కాస్త తేలికగా ఉండేదేమో. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అమలాపురం దగ్గర ఒక ఊరు. గల్ఫ్‌లో ఒక దేశంలో కొన్నేళ్లు ఏసీ మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా పనిచేశాను. ఆ దేశం పేరు రాయను. దాని మీద ఇప్పటికే ఒక నింద వేసినవాణ్ని. నా భార్య పేరు కూడా మార్చి రాస్తున్నాను. సుగుణ అనుకోండి.

పెళ్లయ్యేనాటికి సుగుణ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. వాళ్లింట్లో తాతగారి దగ్గర్నుంచీ టీచర్లే. మా నాన్న రావులపాలెం మార్కెట్లో లారీలకి అరటి గెలలు ఎత్తేవారు. నేను డిప్లొమా చదివానంటే అదే మా ఇంట్లో పెద్ద సంగతి. సుగుణ ఎప్పుడూ ఈ తేడా ఎత్తలేదు. ఎత్తింది ఊరు. కాలవగట్టు మీద ఆవిడ స్కూటీ వెళ్తుంటే చిన్నా పెద్దా పక్కకి తప్పుకుని నమస్కారం పెట్టేవారు. నేను వెళ్తుంటే "టీచరుగారి ఆయన" అనేవారు. ఆ మాటలో ఎగతాళి లేదు. ఉన్నట్టు నాకు వినపడేది. బ్యాంకులో సంతకం ఎక్కడ పెట్టాలో ఆవిడే చూపించేది, మా అన్నదమ్ముల గొడవలో పెద్దమనుషులతో మాట్లాడిందీ ఆవిడే. నేను పక్కన నిలబడేవాణ్ని. పెళ్లాం తెలివైనదైతే సంతోషించాలి కదా? సంతోషించాను కూడా. కానీ ఆ సంతోషం కింద ఏదో పుల్లగా ఉండేది. దానికి పేరు పెట్టి చూసుకునే ధైర్యం అప్పుడు లేదు.

గల్ఫ్ వెళ్లాక మొదటిసారి నాకు హాయిగా అనిపించింది. ఇది ఒప్పుకోవడానికే ఇంతసేపు అటూ ఇటూ తిరిగాను. అక్కడ పద్ధతులు మన పాతకాలం కన్నా గట్టివి. ఆడవాళ్లు ఒళ్లంతా కప్పుకునేవారు. హోటళ్లలో కుటుంబాలకి వేరే గది, వేరే తలుపు. ఎవరితో మాట్లాడినా మగవాడి పేరు, మగవాడి మాట. తోటివాళ్లు విసుక్కునేవారు. నేను విసుక్కోలేదు. ఇక్కడైతే నేను ఇంటికి పెద్దని అనుకున్నాను.

ఫ్యామిలీ వీసా వచ్చి సుగుణని తెచ్చుకుంటున్నానని చెబితే, మా కంపెనీలో కాట్రేనికోన ఆయన ఒకాయన "జాగ్రత్తండీ, ఇక్కడి పద్ధతులు వేరు" అన్నారు. ఆయన అన్నది అంతే. మిగతాది నేను చేర్చాను.

సుగుణ దిగిన మర్నాడు టీ తాగుతూ చెప్పాను. ఇక్కడ భర్త లేకుండా ఆడది గడప దాటకూడదు, దాటితే పోలీసులు పట్టుకుంటారు, వీసా తీసేసి పంపించేస్తారు అని. పాట కూడా పైకి పాడకూడదు, గోడ అవతల వినపడితే ఫిర్యాదు చేస్తారు అని. ఆవిడ చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. "మన ఊరు కాదు కదండీ, వాళ్ల రూలు వాళ్లది" అంది. అంత తేలిగ్గా నమ్ముతుందని నేను అనుకోలేదు. నమ్మింది ఆ దేశాన్ని కాదు, నన్ను.

ఆ మొదటి రోజు నేను చెప్పింది అబద్ధమని నాకు తెలుసా? సగం తెలుసు. సగం భయం కూడా ఉంది, కొత్త చోటు, పొరపాటున ఏదైనా జరిగితే ఎలా అని. అంతవరకే అయితే మీకు రాసేవాణ్ని కాదు. కొద్దిరోజులకే మా బిల్డింగు ముందు బస్సు ఆగింది. తెలుగు నర్సు ఒకావిడ ఒక్కతే దిగింది. చేతిలో కూరగాయల సంచి, చెవి దగ్గర ఫోను. "ఉల్లిపాయలు తెచ్చేను, నువ్వు బియ్యం కడుగు" అని ఎవరితోనో గట్టిగా చెబుతూ పక్క బిల్డింగు మెట్లెక్కిపోయింది. ఎవరూ తలతిప్పి చూడలేదు. ఆ రోజు పూర్తిగా తెలిసింది. పైకెళ్లి సుగుణకి చెప్పడానికి రెండు అంతస్తులు ఎక్కితే చాలు. ఎక్కాను. తలుపు తీసి ఆవిడ రోజూ అడిగేదే అడిగింది. "ఇవాళ బయట ఏం చూసేరండీ?"

"ఏముంటుంది, ఎండ" అన్నాను.

తర్వాత కిటికీలోంచి ఆవిడా చూసింది, ఒంటరిగా నడిచే ఆడవాళ్లని. అడిగింది. వాళ్లు ఇక్కడివాళ్లు, మనకి రూలు వేరు అన్నాను. నర్సుల్ని చూసి అడిగితే వాళ్లకి ఆసుపత్రి వాళ్లు కాగితం ఇస్తారన్నాను. ప్రతి ప్రశ్నకీ జవాబు నా దగ్గర సిద్ధంగా ఉండేది. ఇప్పట్లా అరచేతిలో అన్నీ వెతికి చూసుకునే ఫోన్లు అప్పటికి మా ఇళ్లలోకి రాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే మా అత్తగారు "అల్లుడుగారు పాపం, అన్నీ ఆయనే చూసుకోవాలి" అని జాలిపడేవారు. సుగుణ వంటింట్లో పొగ లాగే ఫ్యాను వేసుకుని, ఆ చప్పుడు మాటున సన్నగా పాడుకునేది. నేను హాల్లో కూర్చుని వినేవాణ్ని. నిజం చెప్పమన్నారు కనుక... ఎవరూ చెప్పమనలేదు, నేనే చెబుతున్నాను. ఆ పాట నాకొక్కడికే వినపడటం నాకు ఇష్టంగా ఉండేది.

ఇక అసలు సంగతి.

పెళ్లయిన చాలా కాలానికి సుగుణకి నెల తప్పింది. మూడో నెల. ఒక రోజు పొద్దున్న నేను ఊరి బయట ఒక పెద్ద బిల్డింగు పైన మిషన్ల దగ్గర ఉన్నాను. ఫోను కింద వ్యానులో వదిలేశాను. దిగి చూస్తే ఆవిడ దగ్గర్నుంచి ఎన్నో కాల్స్. తిరిగి చేశాను. "కడుపులో నొప్పిగా ఉందండీ. రక్తం కూడా కనపడుతోంది. మీరు వచ్చేయండి" అంది. అంత నొప్పిలోనూ "అండీ" మానలేదు.

మా ఇంటికి రోడ్డు అవతలే ఒక క్లినిక్కు ఉంది. కిటికీలోంచి బోర్డు కనపడుతుంది. కేరళ డాక్టరమ్మ. నేను రావడానికి చాలాసేపు పడుతుంది. "దిగి రోడ్డు దాటు" అంటే సరిపోయేది. ఆ మాట నాకు ఆ క్షణంలో తోచలేదని చెప్పుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. తోచింది. క్లినిక్కు బోర్డు కళ్లముందు కనపడింది కూడా. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. వెళ్లి క్షేమంగా తిరిగొస్తే, ఎవరూ పట్టుకోకపోతే, అప్పుడు నన్నేమడుగుతుంది? ఆ రెండు ఆలోచనల మధ్య ఒక్క ఊపిరి తీసినంత సేపు పట్టింది.

"తలుపు వేసుకుని ఉండు, వస్తున్నాను" అన్నాను.

నేను వెళ్లేసరికి సుగుణ బయటికి వెళ్లేటప్పుడు వేసుకునే నల్ల ముసుగు వేసుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, తలుపు వెనకాల నేల మీద కూర్చుని ఉంది. నేను రాగానే బయల్దేరాలని సిద్ధంగా ఉంది. చాలాసేపట్నుంచి అలాగే ఉందని నేల మీద ఆరిన మరక చూస్తే తెలిసింది.

బిడ్డ దక్కలేదు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, ముందే తీసుకొచ్చి ఉంటే ఏమైనా చేయగలిగేవాళ్లమేమో, గట్టిగా చెప్పలేను అంది. ఎదురుగానే కదా ఇల్లు, ఆవిడే ఎందుకు రాలేదు అని అడిగింది. ఆవిడకి భయం, ఒంటరిగా బయటికి రాదు అన్నాను. తప్పు తీసుకెళ్లి ఆవిడ మీద పెట్టాను. అదీ రాయాలి.

ఆ తర్వాత ఎక్కువ కాలం అక్కడ ఉండలేదు, ఇంటికి వచ్చేశాం. మళ్లీ పిల్లలు కలగలేదు. సుగుణ తిరిగి స్కూలుకి వెళ్లలేదు, స్కూటీ ముట్టుకోలేదు. అలవాటు పోయిందండీ అంది. ఎవరైనా బిడ్డ సంగతి ఎత్తితే నన్నే వెనకేసుకొచ్చేది. "అక్కడి రూలు అలాంటిది, ఆయనేం చేస్తారు" అనేది. ఒకసారి చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. ఆ దేశంలో నాలుగు గోడల మధ్య ఉన్నాననీ, నా భర్త నన్ను కంటికి రెప్పలా కాచుకున్నారనీ, దేవుడు అలాంటి మనిషిని ఇచ్చాడనీ. నేను మగవాళ్ల వైపు తలవంచుకుని కూర్చున్నాను. ప్రార్థన చేసుకుంటున్నానని అందరూ అనుకున్నారు.

ఈ ఏడు ఎండాకాలంలో సుగుణ చెల్లెలి కూతురు మా ఇంటికి వచ్చింది. కీర్తన అంటాను. నర్సు. అదే దేశంలో పనిచేస్తోంది, సెలవుకి వచ్చింది. తిరిగి వెళ్లబోతూ చెప్పడానికి వస్తే, సుగుణ దాన్ని కూర్చోబెట్టి జాగ్రత్తలు మొదలుపెట్టింది. ఒక్కదానివీ బయటికి వెళ్లకు, పాటలవీ పాడకు అని. కీర్తన నవ్వింది.

"లేదు పెద్దమ్మా, నేను రోజూ ఒక్కదాన్నే బస్సులో డ్యూటీకి వెళ్తాను. శుక్రవారం మేమంతా కలిసి ప్రార్థనకి వెళ్తాం. పాడతాం కూడాను."

"ఇప్పుడు మారేరేమోనమ్మా. మేమున్నప్పుడు పట్టుకునేవారు."

"అప్పుడూ అంతేనంట పెద్దమ్మా. మా సీనియర్ సిస్టర్లు ఎప్పట్నుంచో ఉన్నారు కదా. బట్టలవీ పద్ధతిగా వేసుకోవాలి గానీ, బయటికి వెళ్లకూడదని ఎప్పుడూ లేదంట."

సుగుణ నా వైపు తిరిగింది. అనుమానంతో కాదు. సాయం కోసం. "ఏవండీ, మనమున్నప్పుడు అలా లేదు కదండీ?"

నేను పేపరు చదువుతున్నాను. పేపరు దించకుండానే అన్నాను. "ఆయ్. అప్పుడు వేరు."

"చూసేవా" అంది సుగుణ, కీర్తనతో. గెలిచినట్టు. ఆ పిల్ల ఒకసారి నా వైపు చూసి, టీ గ్లాసు కింద పెట్టింది.

పాత అబద్ధానికి కొత్త చోటు, భయం, వయసు అని ఏవేవో చెప్పుకున్నాను. దీనికి ఏం చెప్పుకోను? ఇప్పుడు నన్ను ఎవరూ టీచరుగారి ఆయన అనడం లేదు. ఆవిడ దగ్గర నేను గెలవాల్సింది ఏదీ మిగల్లేదు. అయినా ఆ మాట నోట్లోంచి ఎంత నున్నగా వచ్చింది.

తర్వాత ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, సుగుణ అరుగు మీద గోంగూర ఆకు గిల్లుతుంటే పక్కన కూర్చుని చెప్పాను. ఎలా చెప్పాలో ముందు ఏమీ అనుకోలేదు. అక్కడ అలాంటి రూలు లేదు, అప్పుడూ లేదు, నాకు తెలుసు, నేనే పెట్టాను అన్నాను. ఎందుకు పెట్టారని అడుగుతుందనుకున్నాను. దానికి జవాబు కూడా వెతుక్కున్నాను.

ఆవిడ అది అడగలేదు. ఆకు గిల్లడం ఆపలేదు. చేతిలో కాడలు చూసుకుంటూ, "ఆ రోజు కూడానా అండీ?" అంది.

"ఆయ్" అన్నాను.

లేచి లోపలికి వెళ్లింది. ఏడుస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఏడవలేదు. ఫోను చేసింది కీర్తనకి. నాకు వినపడేలాగే మాట్లాడింది, దాచుకోలేదు. "నువ్వు చెప్పిందే నిజమమ్మా. నాకు తెలియక అలా చెప్పేను. మనసులో పెట్టుకోకు. నువ్వు ధైర్యంగా వెళ్లు, పాడుకో" అంది.

అప్పట్నుంచి అన్నం పెడుతోంది, పిలిస్తే పలుకుతోంది. నన్ను క్షమించానని అనలేదు, క్షమించనని అనలేదు. నేను అడగలేదు. అడిగితే ఆవిడకి ఇంకో పని అప్పజెప్పినట్టు అవుతుంది. చెప్పేశాక గుండె మీద బరువు కొంచెం దిగినమాట నిజం. దిగినందుకు సిగ్గుపడుతున్నాను, ఎందుకంటే అది ఎక్కడికీ పోలేదు, ఆవిడ దగ్గరికి వెళ్లింది.

కానీ ఫోనులో ఆ మాట నన్ను వదలడం లేదు. తెలియక చెప్పేను, అంది. తెలియకపోవడం ఆవిడ తప్పయినట్టు. ఎవరు తెలియనివ్వలేదో చెప్పలేదు, చెల్లెలికీ చెప్పలేదు, ఊళ్లో ఎవరికీ చెప్పదు. ఆవిడ సంగతి నాకు తెలుసు. అందుకే నేను రాస్తున్నాను. ఆవిడకి తెలియక కాదు. నేను తెలియనివ్వలేదు.