వీపు తిప్పిన మనిషి

ఎనభైలలో చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ల వార్తలు పత్రికకు నేనే పంపేవాణ్ని. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మిర్చి రైతు మా ఇంటికొచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"విలేకరి గారూ, మా ఊరి బళ్లో మా ఇంటిదాని బొమ్మ పెట్టారు. జుట్టు విరబోసుకుని ఉందంట, పోయి చూశా, నిజమే. ఆ డ్రాయింగ్ మాస్టారు దాన్ని అట్టా ఎక్కడ చూశాడో మీరే తేల్చాల. లేకపోతే దాన్ని పుట్టింటికి పంపించేస్తా."

మా వైపు పెళ్లయిన ఆడది పరాయి మగవాడి ముందు జుట్టు విప్పుకోదు. విప్పుకుందంటే ఇంట్లో చావైనా జరిగి ఉండాలి, లేదా ఊరు ఇంకొకటి అనుకుంటుంది. అప్పటికే అనుకుంటోంది.

మర్నాడు బడికి వెళ్లాను. బొమ్మ తలుపంత ఉంది. నల్లటి మబ్బు కింద ఆమె రెండు చేతులూ పైకెత్తి, నోరు తెరిచి, కన్నీళ్లతో నిలబడి ఉంది. వెలుగంతా ఆ మొహం మీదే. వెనక చీకట్లో ఎవరో మగమనిషి, వీపు తప్ప కనపడడు. ఊరంతా ఆమెను గుర్తుపట్టిన గడ్డం కింది పుట్టుమచ్చ కూడా వేశాడు మాస్టారు.

"ఎక్కడ చూశారండీ ఈవిణ్ణి?" అని మాస్టారిని అడిగాను.

ఆయన ఒక పాత పుస్తకం తెరిచాడు. అన్నీ పరదేశపు బొమ్మలు. మునిగే పడవ మీద చేతులు చాచే మనుషులు, గాలికి ఎగిరే బట్టలు. "ఈ బొమ్మల పద్ధతిని రొమాంటిక్ అంటారండీ. మనసులో ఉన్నది ఒళ్లంతా కనపడాలి."

నాకు నమ్మకం కలగలేదు. కాలిన ఇళ్లూ, పురుగు తిన్న పత్తి చేలూ వార్తలకోసం ఎన్నో చూశాను. పోగొట్టుకున్నవాళ్లు నేలమీద పుల్లతో గీతలు గీస్తూ కూర్చుంటారు. చేతులెత్తినవాళ్లను చూడలేదు. సరే, చేతులు పుస్తకంలోవే అనుకుందాం. పుట్టుమచ్చ ఎక్కడిది?

"ఆవిణ్ణే అడగండి. నేను చెబితే వాళ్లాయన నమ్ముతాడా?" అన్నాడు మాస్టారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ప్రశ్న అడిగితే ఇంకొకరిని చూపించేవాళ్లను నేనెప్పుడూ అనుమానిస్తాను. అయినా సాయంత్రం మొగుడూ పెళ్లాలిద్దరినీ బడికి రమ్మన్నాను. ఆమె బొమ్మ చూడటం అదే మొదలు. చాలాసేపు చూసింది.

"చెప్పవే, ఎక్కడ?" అన్నాడు భర్త.

"మన కల్లంలోనయ్యా! నిరుడు కాయలు ఆరబోస్తే వాన రాలా? మాస్టారు సైకిలు పారేసొచ్చి కాయల మీద కప్పే పట్ట ఆ కొస పట్టుకున్నాడు. ఈ కొస పట్టుకోవయ్యా అని నేను చేతులెత్తి అరుస్తంటే, చుట్ట తడుస్తదని నువ్వు అటు తిరిగావు. కారం చేతులతో కళ్లు తుడుచుకుని నేను ఏడుస్తన్నా. ముడి ఊడిందో లేదో ఎవరు చూసుకున్నారు?"

అతను బొమ్మలో వీపుకేసి చూశాడు. దాని మీద ఎర్రంచు తువ్వాలు ఉంది. తన భుజం మీది తువ్వాలు తడుముకున్నాడు. అదీ ఎర్రంచుదే.

నేను మాస్టారి వైపు చూశాను. ఒక వానలో చూసిన మొహాన్ని పుట్టుమచ్చతో సహా ఏడాదిపాటు దాచుకోవడం మామూలు సంగతేనా? ఆయన కుంచె తుడుస్తున్నాడు, తలెత్తలేదు. ఆ ప్రశ్న అడిగితే ఆమె ఏ ఇంట్లో ఉంటుందో నాకు తెలుసు. అడగలేదు.

"మాస్టారూ, నన్ను కాస్త ఇటు తిప్పండి. పట్ట పట్టుకున్నట్టు వెయ్యండి," అన్నాడు భర్త నెమ్మదిగా.

"వద్దండీ, అట్టాగే ఉండనీండి," అంది ఆమె. కొంగు బిగించి ఇంటివైపు నడిచింది. అతను వెనకాలే వెళ్లాడు.