వంటింట్లో చెప్పిన మాట

మా మామిడి రైతుల కంపెనీ బోర్డు మీటింగులన్నీ మా ఇంటి వసారాలోనే జరిగేవి. చైర్మన్‌ని నేను. నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో మా ఇల్లు, ఇంటి వెనకే ఎనిమిదెకరాల తోట. కంపెనీకి సొంత ఆఫీసు లేదు కాబట్టి మా వసారాయే ఆఫీసు. రెండు ఫ్యాన్లు, గోడవారన వరసగా కుర్చీలు, పదకొండింటికి టీ, కాయలున్న రోజుల్లో పళ్ళెం నిండా చిన్నరసాలు. డైరెక్టర్లు ఎవరైనా “మీ ఇంట్లో మాకు లోటేంటండీ” అంటే లోపల ఉబ్బిపోతూ, పైకి మాత్రం అదేం పెద్ద విషయం కాదన్నట్టు చెయ్యి ఊపేసేవాణ్ణి.

కమిషన్ కొట్లవాళ్ళు చెప్పిన ధరకు తలూపి రావడం కాకుండా, చిన్న రైతులందరం కలిసి మా కాయ మేమే కోసి, ఏరి, హైదరాబాదులో పెద్ద కొనుగోలుదారుకు నేరుగా పంపుదామని పెట్టుకున్న కంపెనీ అది. నేను కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. సంస్థల్ని ఎలా నడపాలో ముప్పయ్యేళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను. అజెండా ఉండాలి, కోరం ఉండాలి, తీర్మానం పుస్తకంలో ఎక్కాలి. ఈ మూడూ సక్రమంగా ఉంటే సంస్థ సక్రమంగా ఉన్నట్టేనని నమ్మాను. మా మినిట్స్ పుస్తకం చూసిన అధికారులు కూడా మెచ్చుకునేవారు. నా చేతిరాత బావుంటుంది మరి.

బోర్డులో ఒక ఆడమనిషి ఉంటే మంచిదని పైనుంచి మాట వచ్చింది. ఎవరైతే బావుంటుందని మగవాళ్ళం ఎనిమిదిమందిమీ కూర్చుని ఆలోచించి, ముఠా మేస్త్రిని డైరెక్టరుని చేశాం. తోటల్లో కోసిన కాయను ఏరి ట్రేలలో సర్దే ఆడవాళ్ళ జట్టును మా వైపు ముఠా అంటారు. ఆమె కింద పద్నాలుగు మంది ఉండేవారు. చిన్నప్పటి నుంచీ ఆమెకు అదే పని. ప్రభుత్వం ఇచ్చిన అరెకరంలో ఆమెకూ కొన్ని బంగినపల్లి చెట్లున్నాయి కాబట్టి రైతు కిందే లెక్క. మా తోటలో కాయ కూడా ఏటా ఆమె ముఠాయే సర్దేది.

మొదటి మీటింగుకు ఆమె వచ్చి స్తంభం దగ్గర నిలబడింది. “కూర్చో అమ్మా” అన్నాను. చివరి కుర్చీలో అంచు మీద కూర్చుంది. ఇంతలో మా ఆవిడ టీ పళ్ళెం పట్టుకుని బయటికి రాగానే చటుక్కున లేచి ఆ పళ్ళెం అందుకుంది. అందరికీ టీ ఇచ్చింది, తాగేదాకా ఆగింది, ఖాళీ గ్లాసులు పట్టుకుని లోపలికి వెళ్ళింది. మీటింగు అయ్యేదాకా ఇక బయటికి రాలేదు. రెండో మీటింగు నుంచి వీధి గుమ్మంలోకి రావడమే మానేసి, పెరటి వైపు నుంచి నేరుగా వంటింట్లోకి వెళ్ళేది. మాలో ఒక్కరికీ అది వింతగా అనిపించలేదు. తొమ్మిదో కుర్చీ మీద ఉపాధ్యక్షుడు తన సంచి పెట్టుకునేవాడు.

మీటింగు అయ్యాక నేను గట్టిగా పిలిచేవాణ్ణి. “ఏమ్మా, ఓసారి ఇలా రా.” కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేది. నేను వేలు పెట్టి చూపించిన చోట, నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టేది. అంతకు మించి ఆమెకు చదవడం రాదు. పుస్తకంలో ఆమె పేరు వెనక ‘గారు’ అని రాసేవాణ్ణి. ఎదురుగా మాత్రం ఏమ్మా, నువ్వు. మిగతా ఏడుగురు మగవాళ్ళలో నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళున్నారు, వాళ్ళందరినీ నోరారా గారూ అనేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, అప్పుడు ఆ సంగతి నా చెవిన పడనేలేదు.

కాయ ఏరి సర్దడానికి ఒక షెడ్డు వేయాల్సి వచ్చింది. రెండు చోట్లు చూశాం. ఒకటి మెయిన్ రోడ్డు పక్కన బయలు, చెట్టన్నది లేదు. రెండోది లోపలికి, మట్టిదారిలో, పాత తోట మధ్య, బోరు ఉన్న చోటు. నాకు మొదటిదే నచ్చింది. రోడ్డున పోయే బస్సుల్లో వాళ్ళకు కనబడుతుంది, అధికారులు కారు దిగకుండానే చూస్తారు, కంపెనీ పేరు పెద్దక్షరాలతో రాయించవచ్చు. ఉన్న మాట చెప్పాలంటే, ఆ పేరు కింద చైర్మన్ అని నా పేరు కూడా ఉంటుందని ముందే ఊహించుకున్నాను. నేను చెప్పింది విని అందరూ సరేనండి అన్నారు. మా ఇంట్లో కూర్చుని, మా టీ తాగుతూ, కాదని ఎవరంటారు? అంతా పావుగంటలో తేలిపోయింది. ఏకగ్రీవం అని రాశాను.

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మా ఆవిడ అంది: “రోడ్డు మీద షెడ్డు వద్దంటోందండీ ఆ మేస్త్రి. రేకుల కింద కాయ ఉడికిపోతుందట. తొడిమ తుంచాక సొన కారి ఆరేదాకా చెట్టు నీడన బోర్లించి ఉంచాలట. ఎండలో హడావిడిగా చేస్తే ఆ సొన తొక్క మీద పడి నల్లగా కాలిపోతుందట. మీకు చెప్పమంది.”

నేను ముద్ద కలుపుకుంటూ, “ఓహో, వంటింట్లో కూడా బోర్డు మీటింగు పెట్టారా? కోరం ఉందా?” అన్నాను.

నా జోకు నాకెంత నచ్చిందంటే, సాయంత్రం ఉపాధ్యక్షుడికి ఫోను చేసి మరీ చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. కాబట్టి తర్వాత ఎప్పుడైనా, నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు అనే వీలు నాకు లేదు. చెప్పారు. పప్పన్నంతో పాటు చెప్పారు.

షెడ్డు లేచింది. పేరు రాయించాం. ఏప్రిల్ చివర్లో మొదటి పెద్ద లోడు కోశాం. పదింటికే రేకులు సెగలు కక్కుతున్నాయి. ముఠా ఆడవాళ్ళు తడి తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. బయట లారీ డ్రైవరు తొందరపెడుతున్నాడు, అతని కంటే ఎక్కువ నేను తొందరపెట్టాను. మేస్త్రి ఒకసారి నా దగ్గరికి వచ్చి, “సారూ, ఇయ్యాల్టికి కాయ ఆ పాత తోటలోకి మళ్ళించుకుని రేపు ఎక్కిద్దామండీ, సొన ఆరలేదు” అంది. “లారీ వచ్చి నిలబడితే ఇప్పుడా చెప్పేది?” అని కసురుకున్నాను. ఆమె వెనక్కి వెళ్ళి కూర్చుని కాయ సర్దింది.

మూడో రోజు లోడు తిరిగొచ్చింది. ట్రే తెరిస్తే కాయ మీద నల్లటి చారలు, తొడిమ దగ్గర మెత్తబడి వాసన. ఆ సీజనుకు ఇక మీ కాయ వద్దని కొనుగోలుదారు చెప్పేశాడు. సభ్యులందరూ మళ్ళీ కమిషన్ కొట్ల ముందే వరస కట్టారు. ఎవరి నుంచి విడిపించుకుందామని కంపెనీ పెట్టామో వాళ్ళ దగ్గరికే, నవ్వుతున్న వాళ్ళ మొహాల్లోకి చూస్తూ వెళ్ళారు.

సర్వసభ్య సమావేశం ఊళ్ళో బడి ఆవరణలో పెట్టాం. టెంటు కింద జనం కిక్కిరిసి ఉన్నారు. స్టేజీ మీద ఎనిమిది కుర్చీలు వేయించాను. తొమ్మిదోది మర్చిపోయాను. కావాలని కాదు, మర్చిపోయాను. అది ఇంకా అన్యాయం. మేస్త్రి తన ముఠా ఆడవాళ్ళతో వెనక పట్టాల మీద కూర్చుంది.

ఒక పెద్దాయన లేచి, “కాయ ఎందుకు తిరిగొచ్చిందండీ చైర్మన్ గారూ?” అని అడిగాడు. కోపంగా కూడా అడగలేదు.

నేను మైకు పట్టుకున్నాను. ఆ క్షణంలో నాకు అన్నీ గుర్తున్నాయి. పప్పన్నం, కోరం జోకు, లారీ దగ్గర కసురుకున్నది, అన్నీ. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: “సర్దడంలో అజాగ్రత్త జరిగింది. వచ్చే కోతకు ముఠాను మారుస్తున్నాం.”

ఇంకెవరో అరిచారు. “అసలు ఆ ఎండలో రోడ్డు మీద షెడ్డేంటండీ? ఎవరన్నారు?”

నేను మినిట్స్ పుస్తకం పైకెత్తి చూపించాను. “బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించింది. ముఠా మేస్త్రి కూడా డైరెక్టరే. ఆమె సంతకం కూడా ఇందులో ఉంది.”

జనం వెనక్కి తిరిగి చూశారు. ఆమె లేచి నిలబడింది. వంటింట్లో చెప్పాను కదా అంటుందనుకున్నాను. ఆమె స్టేజీ వైపు చూడకుండా, “సంతకం నాదేనండి” అని కూర్చుంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి ఈ వయసులో కూడా నోరు రావడం లేదు.

కొత్త ముఠాను పెట్టుకున్నాం. ఆమె పద్నాలుగు మందినీ మిగతా తోటలవాళ్ళు కూడా పిలవడం మానేశారు. చైర్మనే అందరి ముందూ అన్నాడు కదా, కాయ పాడుచేసే చేతులని. వాళ్ళు తెల్లారకుండానే ఆటో ఎక్కి చింతలపూడి వైపు పామాయిల్ తోటల్లో రాలిన కాయలు ఏరడానికి వెళ్తున్నారని మా ఆవిడే చెప్పింది. ఆ చెప్పడం కూడా గోడకు చెప్పినట్టు చెప్పింది. ఆ వారమంతా మా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి.

ఆదివారం పొద్దున ఆమె ఇంటికి వెళ్ళాను. నన్ను చూసి పక్కింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. కూర్చున్నాను. “నేను అలా అనకుండా ఉండాల్సిందమ్మా. తప్పు నాది” అన్నాను. ఆమె పాక గుంజ పట్టుకుని నిలబడే వింది.

“వసారాలోకి వచ్చి చెప్పి ఉండొచ్చు కదమ్మా, నువ్వూ డైరెక్టరువే” అన్నాను. తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళి కూడా అందులో కొంచెం ఆమెకు పంచబోయాను.

“మీ ఇంటికొస్తే నాకు పని కనబడుద్దండి సారూ. గ్లాసులు కనబడతాయి. మాట గుర్తుకు రాదండి.”

మళ్ళీ తప్పయిపోయిందని అన్నాను. ఆమె పెరట్లో తిరుగుతున్న కోళ్ళ వైపు చెయ్యి చూపించింది.

“ఇక్కడ ఇయ్యి తప్ప ఇనేవోళ్ళు ఎవరున్నారండి? అక్కడ అన్నారు కదా. అక్కడే అనండి. మావోళ్ళ చేతులు మంచియ్యని ఒక్క మాట. నాకింకేం వద్దండి.”

సరేనన్నాను. ముందు బోర్డులో చెప్పి, తర్వాత సభ్యులందరి ముందూ చెబుతానని మాటిచ్చాను. దారి పొడుగునా మనసు తేలిగ్గా ఉంది. మాటిచ్చినంత మాత్రానే సగం పనైపోయినట్టు అనిపించే జబ్బు నాకు మొదటి నుంచీ ఉంది.

తర్వాతి బోర్డు మీటింగు మా ఇంట్లో వద్దని, బడిలో పెట్టించాను. తొమ్మిది కుర్చీలు నేనే లెక్కపెట్టి వేశాను. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి, మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. గ్లాసుల వైపు కూడా చూడలేదు. వచ్చే ఏడాది కాయ పాత తోటలోనే సర్దుదామని అందరం అనుకుంటున్నప్పుడు, బోరు నీళ్ళు ఎక్కడిదాకా రావాలో, పట్టాలు ఏ చెట్ల కింద పరవాలో ఆమె చెప్పింది. అందరూ విన్నారు. అంత చక్కగా నడిచిన మీటింగు మాకు అంతకు ముందు లేదు.

నేను చెప్పాల్సిన మాట ముందు రోజే ఇంట్లో కూర్చుని మినిట్స్ పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. షెడ్డు చోటు గురించి మేస్త్రి గారు ముందే హెచ్చరించారని, చైర్మన్ పెడచెవిన పెట్టారని, లోడు తిరిగి రావడంలో ముఠా తప్పేమీ లేదని, వారిని తిరిగి పిలవాలని. నాలుగు వాక్యాలు, మంచి చేతిరాత. చివరి అంశంగా చదువుదామనుకున్నాను. చివరికి వచ్చేసరికి ఉపాధ్యక్షుడు చాట్రాయి బస్సు పోతుందని లేచాడు. ఇంకొకాయన ఫోనులో మాట్లాడుతున్నాడు. మిగతా ఏడుగురు మగవాళ్ళ మొహాలు చూశాను. చదవకుండానే పుస్తకం తెరిచి సంతకాలకు పంపించాను. ఎవరూ చదవలేదు. ఎప్పుడు చదివారు గనక?

పుస్తకం ఆమె దగ్గరికి వచ్చింది. కలం పట్టుకుని, పేజీ వైపు కాక నా వైపు చూసింది.

“ఏం రాశారండి?”

అందరూ ఉన్నారు. ఆమె నాకు అవకాశం ఇచ్చింది. నోరు తెరిస్తే చాలు, నాలుగు వాక్యాలు.

“మామూలేనమ్మా” అన్నాను.

ఆమె కలానికి మూత పెట్టింది. “మామూలైతే నా సంతకం ఎందుకండి” అని, పుస్తకం మూసి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఉపాధ్యక్షుడు సంచి భుజాన వేసుకుంటూ, “పోనీండి, రేపు ఇంటికి పంపించి పెట్టించుకుందాం” అన్నాడు. నేను పంపలేదు. చదివి వినిపించడానికి కూడా వెళ్ళలేదు.

ఆమె డైరెక్టరైన దగ్గర్నుంచీ ఈ నాలుగేళ్ళలో ఆ పుస్తకంలో ఆమె సంతకం లేని పేజీ అదొక్కటే. నేను ఆమె గురించి నిజం రాసిన పేజీ కూడా అదొక్కటే. ఈసారి కోతకు కూడా ఆ పద్నాలుగు మంది పొద్దున్నే చింతలపూడి ఆటో ఎక్కారు. అది మా ఇంటి ముందు నుంచే వెళ్తుంది. ఆ వేళకు నేను వసారాలో కూర్చోవడం మానేశాను.